మళ్ళీ అదే ఆశ్రమానికి

ఏటా మే నెల నడుమ, తమిళుల వైకాశి మొదటి రోజున, గుడియాత్తంలో గంగమ్మ శిరసు ఊరేగుతుంది. తరణంపేట ముత్యాలమ్మ గుడి నుంచి కౌండిన్య నది ఒడ్డున ఉన్న గోపాలపురం గుడికి. వేలూరు నుంచీ, మన చిత్తూరు వైపు నుంచీ వచ్చిన జనం మీద ఇసుక వేస్తే రాలదు. దారి పొడవునా కొబ్బరికాయలు పగులుతాయి. గుడిలో ఆ శిరసును, అంటరానిదని ఊరు వెలివేసిన ఒక స్త్రీ మొండేనికి అతికిస్తారు.

ఆ తల రేణుకది. ఆమెకేమవుతుందో తెలియనివాళ్ళు ఆ జనంలో ఉండరు. అయినా ఆమె నీళ్ళకు బయలుదేరిందని కథకుడు చెప్పినప్పుడల్లా, వెళ్ళకమ్మా అనాలనిపిస్తుంది. ఏటిలో చిత్రరథుడనే రాజు జలకాలాడుతున్నాడు. ఆమె చూసింది. మనసు చలించింది. ఆలస్యమైంది. ఇంట్లో మొగుడు జమదగ్నికి అంత చాలు.

అక్కడైనా కథ దారి మళ్ళాల్సింది. నలుగురు పెద్దకొడుకులు తల్లిని చంపమని తండ్రి చెప్పిన పని చేయలేదు, శాపం పాలయ్యారు. వాళ్ళ మంచితనం అంతవరకే. తల్లిని చంపలేదు, తల్లికి అడ్డంగానూ నిలబడలేదు. ఐదోవాడు పరశురాముడు గొడ్డలి ఎత్తాడు. ఈ ప్రాంతంలో చెప్పుకునే కథలో ఆమె పరుగెత్తి, వెలివాడలో ఒక ఆడమనిషిని వాటేసుకుంటుంది. లోకం మొత్తంలో ఆమెకు దొరికిన ఆశ్రయం ఆ రెండు చేతులే. వేటు ఇద్దరి మీదా పడింది. ఆ రెండో ఆమెకు గుడిలో మొండెం మిగిలింది, పేరు మిగల్లేదు.

తర్వాత కొడుకు తండ్రిని వరం కోరాడు. అమ్మ బతకాలి, చంపిన సంగతి గుర్తుండకూడదు. నిద్రలోంచి లేచినట్టు లేచిందట. నాకు ఆ రెండో కోరిక దగ్గరే గొంతు పూడుకుపోతుంది. గుర్తుండి ఉంటే గడప దాటేదేమో. రాజుగారి బిడ్డ కదా, పుట్టింటికి పోయేదేమో. ప్రాణమైతే ఇచ్చారు, ఇకమీదట ఎక్కడుంటావమ్మా అని అడిగినవాళ్ళు లేరు. అదే ఆశ్రమం, అదే కోపం.

ఇప్పుడు అడగడానికి చట్టముంది. 2006 అక్టోబరు 26న అమల్లోకి వచ్చిన గృహహింస చట్టం కింద, భర్త భార్య జోలికి రాకుండా మేజిస్ట్రేటు ఉత్తర్వు ఇవ్వవచ్చు, ఉన్న ఇంట్లోనే ఉండనివ్వవచ్చు. ఉత్తర్వు మీరితే ఏడాది దాకా జైలు. కానీ 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, దెబ్బలో బలాత్కారమో చవిచూసిన స్త్రీలలో సాయం కోరినవాళ్ళు నూటికి 14 మందే. కోరినా, చాలాసార్లు దొరికేది రాజీ కాగితం. "పిల్లల మొహం చూసి సర్దుకుపో తల్లీ" అంటారు, సంతకం పెట్టిస్తారు. జరిగింది మరిచిపొమ్మని మళ్ళీ అదే వరం! విడిచి వెళ్ళాలనుకున్న రోజుల్లోనే ప్రాణానికి ముప్పెక్కువ. ఆ రోజుల్లోనే ఆమెను వెనక్కి పంపుతారు. వారం పోయాక ఆ తలుపు తట్టి, ఎలా ఉన్నావని అడిగేదెవరు? బీడీలు చుట్టి బతికే గుడియాత్తం ఇల్లాలికి ఆ ఇల్లే పనిచోటు కూడా. చేట ఒళ్ళో పెట్టుకుని కూర్చునే ఆ మూల వదిలితే కూలీ పోతుంది.

రేణుక మాత్రం ఆశ్రమంలోనే ఉండిపోయింది. పరశురాముడు చంపిన రాజు కార్తవీర్యుడి కొడుకులు జమదగ్ని తల నరకడానికి వచ్చిన నాడు కొడుకులంతా అడవిలో ఉన్నారు. చంపొద్దని ఆ కత్తులను బతిమాలింది ఆమె ఒక్కతే.