పంటి చీము – గొంతుకు ఉరి
పంటినొప్పి ప్రాణం తీయదని తలంచకండి. 1836లో జర్మనీలోని స్టుట్‌గార్ట్ నగర వైద్యుడు విల్‌హెల్మ్ ఫ్రీడ్రిక్ వాన్ లుడ్విగ్ దవడ కింద గట్టిపడి, నాలుకను పైకి నెట్టి, ఊపిరాడనీయని వాపును వర్ణించాడు. అదే ‘లుడ్విగ్ ఆంజైనా’. ఇక్కడ ఆంజైనా అంటే గుండెనొప్పి కాదు, గొంతు నులిమినట్లుండడం. దీనికి మూలం చాలావరకు కింది దవడలోని వెనుక దంతాల చీము. పెన్సిలిన్ రాకముందు ఈ వ్యాధిగ్రస్తులలో సగానికి పైగా మరణించేవారు. 1940ల తరువాత మరణాలు బాగా తగ్గాయి. వాపు వేగం మాత్రం తగ్గలేదు. గంటల వ్యవధిలోనే శ్వాసమార్గం మూసుకుపోవచ్చు.

కనుక పంటినొప్పితో పాటు దవడ కింద వాపు, జ్వరం, నోరు తెరవలేకపోవడం, మింగలేక చొంగ కారడం కనిపిస్తే లవంగ నూనెతో, కాపడంతో కాలయాపన చేయవద్దు. రోగిని వెల్లకిలా పడుకోబెట్టక, కూర్చోబెట్టే, అత్యవసర విభాగమున్న ఆసుపత్రికి వెంటనే చేర్చండి.