రౌతు చేతికి పుట్టిన పిస్తోలు

కోల్ట్ 1911 మాట ఎత్తగానే అందరూ దాని లావుపాటి తూటా గురించే చెబుతారు. నన్నడిగితే ఆ పిస్తోలు చరిత్రంతా పిడిలోనే ఉంది.

తూటా సంగతి ముందు తేల్చేద్దాం. ఫిలిప్పీన్స్‌లో మోరో యోధులతో తలపడిన అమెరికా సైనికులకు .38 రివాల్వరు చాల్లేదు. గుండు తగిలినా మనిషి ఆగకుండా మీదికొస్తున్నాడని గోల. 1904లో థాంప్సన్, లాగార్డ్ అనే ఇద్దరు అధికారులు షికాగో కబేళాల్లో పశువుల మీదా, విడిగా మనుషుల శవాల మీదా కాల్చి చూసి, .45కి తక్కువైతే పనికిరాదన్నారు. దాన్ని శాస్త్రీయ పరీక్ష అనడానికి నాకు నోరు రాదు. తీర్పు మాత్రం నిలిచిపోయింది.

ఆ కొలతకు తగ్గట్టు పిస్తోలు చేసినవాడు యూటా రాష్ట్రం ఆగ్డెన్‌లో తుపాకుల కమ్మరి ఇంట పుట్టిన జాన్ మోజెస్ బ్రౌనింగ్. అయితే ఆయన నమూనాలకు పేచీ పెట్టి మార్పించింది అశ్వికదళం. రౌతుకు ఒక చెయ్యి ఎప్పుడూ కళ్ళెం మీదే ఉంటుంది. చేయి జారి కిందపడితే పేలకూడదు కాబట్టి పిడి వీపున ఒక నొక్కుడు మీట వచ్చింది: అరచేత్తో బిగించి పట్టుకుంటేనే ట్రిగ్గర్ పనిచేస్తుంది. లేపిన సుత్తిని గుర్రం మీద ఒంటిచేత్తో మెల్లగా దించడం ప్రమాదం. అందుకని, సుత్తిని అలాగే ఉంచి బొటనవేలితో తాళం వేసే మీటను 1910లో చేర్చారు. పిడి వాలునూ సరిచేశారు. మరుసటి ఏడు మార్చిలో 6,000 తూటాలు కాల్చారు. వేడెక్కితే నీళ్ళలో ముంచి మళ్ళీ కాల్చారు. ఒక్కసారీ మొరాయించలేదు. మార్చి 29న సైన్యం స్వీకరించింది.

మొదటి ప్రపంచయుద్ధంలో లక్షల చేతులు పట్టాక లోపాలు బయటపడ్డాయి. పొట్టి వేళ్ళకు ట్రిగ్గర్ అందదు. సుత్తి బొటనవేలి సందులో చర్మాన్ని కొరుకుతుంది. గురి కిందికి పోతోంది. 1920ల్లో ట్రిగ్గర్‌ను కుదించారు, దాని వెనక ఇనుమును చెక్కారు, చర్మానికి అడ్డుగా పిడి తోకను పొడిగించారు, పిడి వీపును ఉబ్బెత్తు చేశారు. అదే 1911ఎ1. ఆఖరిది అతి సవరణేనని నా అభిప్రాయం. తర్వాతి తరం పోటీగాళ్ళు ఎందరో మళ్ళీ చదును వీపుకే తిరిగారు.

ఇక మొలకు కట్టుకు తిరగడం. 216 మిల్లీమీటర్ల పొడవు, ఖాళీగానే కిలోకు పైన బరువు, పట్టేది మ్యాగజైన్‌లో 7 తూటాలు. తూటాలు ఒకే వరసలో ఉంటాయి గనక పలచగా ఒంటికి అతుక్కుంటుంది, అదే దాని అదృష్టం. సైన్యం దాన్ని మూతున్న తోలు ఒరలో మోయించింది. 1950 ప్రాంతంలో కోల్ట్ కంపెనీ అల్యూమినియం ఒంటితో, గొట్టం కుదించి కమాండర్ అనే తేలిక రకం తెచ్చింది. అందులోనూ పిడి పొడవు తగ్గించలేదు.

1985లో అమెరికా సైన్యం దీని స్థానంలో 15 తూటాల బెరెట్టాను తీసుకుంది. దాని పిడి లావని చిన్న చేతులవాళ్ళు మళ్ళీ మొరపెట్టుకున్నారు. 2017లో ఎంచుకున్న సిగ్ పిస్తోలుకు పిడి చిన్న, మధ్య, పెద్ద సైజుల్లో మార్చుకునేలా వస్తుంది.