ఈథర్నెట్ తీగకు నిద్ర నేర్పిన చరిత్ర

సాయంకాలం పాఠశాల కంప్యూటర్ల గది తలుపు మూసి మనం ఇంటికి పోతాము. యంత్రాలను ఆపకుండా వెళితే, వాటిని కలిపే నెట్‌వర్క్ స్విచ్ మీది చిన్న దీపాలు రాత్రంతా వెలుగుతూనే ఉంటవి. ఆ వేళ తీగలలో పోయే సమాచారం బహు స్వల్పం. అయినా 2010కి పూర్వపు గిగాబిట్ పరికరాలలో, తీగ నిండుగా ఉన్నా ఖాళీగా ఉన్నా విద్యుత్తు ఖర్చు ఇంచుమించు ఒకటే. దీనికి కారణమేమి? జవాబు ఈథర్నెట్ చరిత్రలోనే ఉన్నది.

ఈథర్నెట్ 1973లో అమెరికాలో, జిరాక్స్ సంస్థవారి పాలో ఆల్టో పరిశోధన కేంద్రంలో పుట్టినది. రాబర్ట్ మెట్‌కాఫ్, డేవిడ్ బాగ్స్ దాని నిర్మాతలు. అప్పట్లో అనేక కంప్యూటర్లు ఒకే తీగను పంచుకొనేవి. ఒకటి పంపుతున్నప్పుడు తక్కినవి ఊరకుండి వినవలెను. 1990లో మెలిపెట్టిన జంట తీగలపై సెకండుకు 10 మెగాబిట్లు పంపే ప్రమాణం వచ్చినది. అందులో కూడా పంపవలసినది లేనప్పుడు తీగ మౌనంగా ఉండేది. అవతలి కొసకు తన ఉనికిని తెలుపడానికి మాత్రం సుమారు 16 మిల్లీసెకండ్లకు ఒకసారి చిన్న స్పందనం పంపేది.

వేగం పెరగడంతో ఈ మౌనం పోయినది. 1995లో 100 మెగాబిట్ల ప్రమాణం, 1999లో రాగి తీగల జంటలపై 1000 మెగాబిట్ల ప్రమాణం వచ్చినవి. గిగాబిట్ తీగలో నాలుగు జంటలు ఉంటవి. ప్రతి జంటలోను ఒకే సమయంలో రెండు వైపులకూ సంకేతాలు నడుస్తవి. తన సంకేతపు ప్రతిధ్వనిని తీసివేసి, ఎదుటి కొస నుండి వచ్చినదానిని ఏరుకొనవలెను. రెండు కొసల గడియారాలు కలిసి నడవవలెను. ఈ సర్దుబాటు చెడకుండా, సమాచారం లేనప్పుడు కూడా ఖాళీ సంకేతాలను ఎడతెగక పంపే ఏర్పాటు చేసినారు. విద్యుత్తు వృథాకు మూలం ఇదే.

2003లో మారుతి గుప్తా, సురేశ్ సింగ్ అనే పరిశోధకులు ఇంటర్నెట్ పరికరాలను ఖాళీ వేళలలో నిద్రపుచ్చవచ్చునని ఒక పరిశోధన పత్రంలో చర్చించినారు. 2005లో కెన్ క్రిస్టెన్సెన్, బ్రూస్ నార్డ్‌మన్ మరొక మార్గం సూచించినారు. పని తక్కువగా ఉన్నప్పుడు తీగ వేగాన్ని తగ్గించి, పని పెరిగినప్పుడు హెచ్చించవలెనన్నది వారి ఆలోచన. అయితే మామూలు పద్ధతిలో వేగం మార్చుకొనడానికి ఒక్కొక్కసారి సెకండుకు పైగా పడుతుంది. గిగాబిట్ తీగపై ఒక సెకండులో 12 కోట్ల 50 లక్షల బైట్లు పోగలవు. అంతసేపు సమాచారాన్ని ఎక్కడ నిలిపి ఉంచగలము?

అందువల్ల చివరకు వేరొక పద్ధతి నెగ్గినది. వేగాన్ని తగ్గించరాదు, ఉన్నదంతా పూర్తి వేగంతో పంపివేసి వెంటనే నిద్రపోవలెను. 2010లో ఐఈఈఈ సంస్థ ఆమోదించిన 802.3ఎజెడ్ ప్రమాణంలోని సూత్రం ఇదే. నిద్రలో ఉన్న గిగాబిట్ తీగ సుమారు 20 మిల్లీసెకండ్లకు ఒకసారి కొద్దిసేపు సంకేతాలు పంపి మళ్ళీ ఊరకుంటుంది. 1990 నాటి స్పందనం ఉనికిని మాత్రమే తెలిపేది. ఈ సంకేతాలు గడియారాలను, ప్రతిధ్వని సర్దుబాటును కూడా సరిచేస్తవి. కనుకనే తీగ 16.5 మైక్రోసెకండ్లలో మేల్కొనగలదు.

కాని నిద్రకు కూడా వెల ఉన్నది. గిగాబిట్ తీగ నిద్రలోకి జారడానికి కనీసం 182 మైక్రోసెకండ్లు పడుతుంది. 1500 బైట్ల ప్యాకెట్ పోవడానికి పట్టేది 12 మైక్రోసెకండ్లే. విద్యార్థులు ఈ లెక్క చేసి చూడవచ్చును. మిల్లీసెకండుకు ఒక ప్యాకెట్ వస్తే అసలు పని నూటికి 1.2 వంతులే, అయినా తీగ నూటికి 21 వంతుల కాలం మేలుకొని ఉండవలెను. పది ప్యాకెట్లను కూడబెట్టి 10 మిల్లీసెకండ్లకు ఒకసారి పంపితే, మెలకువ నూటికి 3.2 వంతులకు దిగుతుంది. అయితే మొదటి ప్యాకెట్ సుమారు 9 మిల్లీసెకండ్లు వేచి ఉండవలెను. ఉత్తరానికి ఈ జాగు లెక్కలోనిది కాదు. క్షణక్షణమూ గడియారాలు కలిసి నడవవలసిన సంగీత ప్రసార పరికరాలకు మాత్రం నిద్ర, మెలకువల జాగు ఇబ్బంది కలిగించవచ్చును. అటువంటి చోట ఈ సదుపాయాన్ని ఆపి ఉంచడం కద్దు.

మరొక నియమం కూడా గుర్తుంచుకొనవలెను. ఈ సదుపాయం తీగకు రెండు కొసలనున్న పరికరాలలోను ఉండవలెను. ఒకదానిలో లేకపోతే తీగ పాత పద్ధతిలోనే నడుస్తుంది. గిగాబిట్ తీగలోనైతే ఇరువైపులా పంపవలసినది లేనప్పుడే నిద్ర సాధ్యం. కొత్త స్విచ్ కొన్నంత మాత్రాన విద్యుత్తు ఆదా కాదు. దాని అవతలి కొసన ఏమున్నదో కూడా చూడవలెను.