ఇసుకలో మొదటి అక్షరం

మా చిన్నది "ఘ" దగ్గర ఆగిపోయిన రోజు గట్టిగా కసిరాను. పలక బోర్లించేసి వెళ్ళిపోయింది. రెండు రోజులు దాని జోలికే రాలేదు.

ఆ రోజుల్లోనే, 1823లో బళ్ళారి కలెక్టరు క్యాంప్‌బెల్ ఆ జిల్లా బడుల గురించి రాసిన నివేదిక చదివాను. తెలుగు బడులూ అక్కడ చాలానే ఉండేవి. ఐదో ఏట బడిలో వేసేవారట. ముందు అక్షరాలు పలికించడం కాదు, ఇసుకలో వేలితో రాయించడం. బాగుంది కదూ! కానీ పొద్దున్నే మొదట వచ్చినవాడి అరచేతిలో సరస్వతి పేరు రాస్తే, రెండోవాడికి సున్నా. మూడోవాడికి ఒక దెబ్బ, నాలుగోవాడికి రెండు, అలా పెరుగుతూ పోవడమే. అర్థం తెలియని పద్యాలు చిలకల్లా వల్లించేవారనీ ఆయనే రాశాడు.

మొత్తం 6,641 మంది పిల్లల్లో ఆడపిల్లలు 60 మంది. ఆ అంకె దగ్గర చాలాసేపు ఆగిపోయాను. మన ఆడపిల్లల దాకా ఇన్నేళ్ళకి వచ్చిన చదువుని, నేనే నోరు చేసుకుని తరుముతున్నానా?

మర్నాడు అక్షరాభ్యాసం నాటిలాగే పళ్ళెంలో బియ్యం పోశాను. "అమ్మా, నువ్వు రాయి, నేను చెరుపుతా" అంది. సరే, చెరుపుకోమన్నాను. వంట ఆలస్యమైంది, పోనీండి. నాలుగో రోజు "ఘ" తనే రాసింది, తలకట్టు మర్చిపోయి.

నేనేమీ అనలేదు.