సిమ్యులా

ఓస్లోలోని నార్వేజియన్ కంప్యూటింగ్ సెంటర్‌లో క్రిస్టెన్ నీగార్డ్, ఓలె-యోహన్ డాల్ 1960లలో రూపొందించిన ప్రోగ్రామింగ్ భాష సిమ్యులా. ఘటనల సిమ్యులేషన్ కోసం మొదలై, ఆబ్జెక్ట్ ఓరియెంటెడ్ భాషలకు ఆద్యంగా నిలిచింది.

ఉదాహరణకు వంతెన దగ్గరి టోల్‌గేటును తీసుకుందాం. వాహనం రావడం, రుసుము కట్టడం మొదలవడం, గేటు దాటడం - ఈ క్షణాల్లోనే పరిస్థితి మారుతుంది. నడుమ లెక్కించాల్సిందేమీ లేదు. అందుకే జరగబోయే ఘటనలను కాలక్రమంలో పేర్చుకుని, ప్రోగ్రాంలోని గడియారాన్ని ఒక ఘటన నుంచి మరో ఘటనకు నేరుగా జరుపుతారు. 1961లో ఐబీఎంకు చెందిన జెఫ్రీ గోర్డన్ తయారుచేసిన జీపీఎస్ఎస్ అనే సిమ్యులేషన్ భాషలో ఇందుకు సిద్ధంగా ఉన్న బ్లాకులను కలుపుకుంటూ పోవాలి. వాటిలో ఒదగని సమస్య ఎదురైతే కష్టమే.

నీగార్డ్, డాల్ సాధారణ భాష అయిన అల్గోల్ 60ను పునాదిగా ఎంచుకున్నారు. ఒక్కో వాహనం కథను మొదటి నుంచి చివరి దాకా ఒకేచోట రాసే వీలు కల్పించారు. ఆ కథనం పేరు ప్రాసెస్. ‘హోల్డ్’ అనగానే అది అక్కడే ఆగి, చెప్పిన కాలం గడిచాక ఆగినచోటి నుంచే సాగుతుంది. ఇక్కడ ఒక చిక్కు వచ్చింది. అల్గోల్ బ్లాకుల్లో చివర మొదలైనది ముందు ముగియాలి; క్యూలోనేమో ముందు వచ్చినవారు ముందు వెళ్ళాలి. దాంతో మెమరీ కేటాయింపు పద్ధతినే డాల్ కొత్తగా నిర్మించారు. యూనివాక్ 1107 మీద సిమ్యులా 1 సిద్ధమైంది.

సిమ్యులా 1లో లారీకీ బస్సుకూ క్యూలో నిలబడే పని ఒకటే అయినా, రెంటికీ విడివిడిగా రాయాల్సి వచ్చేది. కంప్యూటర్ శాస్త్రవేత్త టోనీ హోర్ ప్రతిపాదించిన రికార్డ్ క్లాసుల ఆలోచన నీగార్డ్, డాల్‌లకు దారి చూపింది. ఉమ్మడి లక్షణాలను ఒక క్లాసులో రాసి, దాన్ని వేరొక క్లాసుకు ముందు చేర్చే పద్ధతి కనుగొన్నారు. నేడు మనం ఇన్‌హెరిటెన్స్ అంటున్నది ఇదే. 1967 మేలో, ఓస్లో సమీపంలోని లీసెబూలో జరిగిన సదస్సులో దీన్ని ప్రకటించారు.

ఈ పద్ధతితో రూపొందిన సిమ్యులా 67 గొప్పతనం ఇక్కడే ఉంది. సిమ్యులేషన్ ఆ భాషలో ప్రధానంగా ఒక క్లాసుగానే అందుతుంది. క్యూలకు సిమ్‌సెట్, దాని మీద సిమ్యులేషన్ క్లాసు. ప్రోగ్రాం బ్లాకుకు ముందు ఆ పేరు చేరిస్తే హోల్డ్, యాక్టివేట్ వంటివన్నీ అందుబాటులోకి వస్తాయి. వాడుకరి కూడా అదే దారిలో తన రంగానికి కావలసిన పదజాలాన్ని నిర్మించుకోవచ్చు. గ్రాహం బర్ట్‌విసిల్ డెమోస్ అనే సిమ్యులేషన్ ప్యాకేజీని అలాగే, కంపైలరును ముట్టుకోకుండా తయారుచేశారు. విస్తరించగల భాష అంటే ఇదీ!

కేంబ్రిడ్జ్‌లో పరిశోధనకు సిమ్యులాను వాడిన బ్యార్నె స్ట్రౌస్ట్రప్, క్లాసులను సీ భాషకు జోడించే పని 1979లో మొదలుపెట్టారు. అది సీ++గా ఎదిగింది. డాల్, నీగార్డ్‌లకు 2001 ట్యూరింగ్ అవార్డు దక్కింది. 2002లో ఇద్దరూ కన్నుమూశారు. నేడు పైథాన్‌లో సిమ్యులేషన్‌కు వాడే సిమ్‌పై కూడా ప్రాసెస్ భావన మీదే నడిచే లైబ్రరీ.