ఆకుకో లెక్క, పూతకో లెక్క

శివరాత్రి నాడు మా గమ్హరియా కాలనీలో భంగు కలిపిన ఠండాయి పంచుతారు. నేను తాగను. ఈసారి నేను వద్దంటే పక్కింటి పెద్దాయన నవ్వి, "అరే రావుగారూ, ఇది శివుడి ఆకు. పువ్వు పట్టుకుంటే జైలు, ఆకు పట్టుకుంటే ప్రసాదం. సర్కారు కూడా భయపడి ఆకు జోలికి పోలేదు" అన్నారు. అక్కడున్న మన తెలుగువాళ్లూ తలలూపారు. రక్షణ శాఖ లెక్కల్లో ముప్ఫై ఏళ్లకు పైగా పనిచేసినవాణ్ణి. వోచరు చూపించకుండా ఎవరేం చెప్పినా నాకు మింగుడు పడదు. ఆకుకీ పువ్వుకీ మధ్య ఈ గీత గీసిందెవరు? శివుడా?

చట్టంలో తేడా ఉన్న మాట నిజమే. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం ప్రకారం గంజాయి అంటే మొక్క పూత, కాయ తలలు. ఆ తలలు లేకుండా విడిగా ఉన్న ఆకులు, గింజలు గంజాయి కావు. అలాగని ఆకు పూర్తిగా స్వేచ్ఛ అనుకోకండి, భంగు మీద రాష్ట్రాల ఎక్సైజు నిబంధనలు వేరే ఉన్నాయి. మొక్కని పెంచడం మాత్రం నేరమే, పదేళ్ల దాకా శిక్ష. ఆకు కోసమే పెంచానంటే కోర్టు వినదు.

ఈ గీత మన పార్లమెంటు కొత్తగా గీసింది కాదు. 1961 నాటి ఐక్యరాజ్యసమితి ఒప్పందంలోనే ఉంది. దానికీ వెనక్కి వెళితే అసలు గీత రైతుల పొలాల్లో కనిపిస్తుంది.

1893లో బ్రిటిష్ పార్లమెంటులో విలియం కెయిన్ అనే మద్యనిషేధవాది ప్రశ్న వేయడంతో గంజాయి మీద ఒక కమిషన్ ఏర్పడింది. మాక్‌వర్త్ యంగ్ అధ్యక్షుడు. ఏడుగురు సభ్యుల్లో ముగ్గురు భారతీయులు. 1193 మంది సాక్షుల్ని విచారించి 1894లో నివేదిక ఇచ్చారు. అందులో సాగు గురించి చదువుతుంటే మన ఊళ్లూ తగులుతాయి. అప్పటి కృష్ణా జిల్లా బాపట్ల తాలూకాలో దగ్గుబాడు చుట్టుపక్కల గంజాయి పంట ఉండేది. అన్నిటికన్నా పెద్ద వ్యవహారం మాత్రం బెంగాల్లోని నౌగావ్ ప్రాంతానిది.

అక్కడి పద్ధతి చూడండి. మొక్కలు ఎదిగే దశలోనే, పూత రాకముందే, కింది కొమ్మలు కోసేసేవారు. తర్వాత 'పోద్దార్' వచ్చేవాడు. ఇంగ్లీషు దొరలు వాణ్ణి గంజాయి డాక్టరు అని రాశారు. పోద్దార్ అంటే నాణేలు పరీక్షించేవాడు కూడా, ఆ పేరు నాకు భలే నచ్చింది. వరసల మధ్య నడుస్తూ మగ మొక్కల్ని ఏరి పీకేయడం వాడి పని. పుప్పొడి పడితే ఆడ పూత గింజ కడుతుంది, జిగురు తగ్గిపోతుంది. ఇందులో మంత్రం లేదు, ముహూర్తం లేదు, కళ్లతో పరిశీలన ఉంది. కోత అయ్యాక పూత తలల్ని కాళ్లతో తొక్కి, దులిపి, ఆకునీ గింజనీ రాల్చేసేవారు. అంటే ఆకు పనికిరానిదని రైతుకి ముందే తెలుసు. కాడలున్న చదును గంజాయికి సుంకం తక్కువ, కాడ తీసేసిన చూరుకి ఎక్కువ. ఖజానా కూడా ఆ తేడానే పుస్తకాల్లోకి ఎక్కించింది.

కారణం చాలాకాలం తర్వాత తెలిసింది. 1964లో ఇజ్రాయెల్‌లో గావోనీ, మెషూలమ్ మత్తునిచ్చే పదార్థం టీహెచ్‌సీని వేరుచేసి దాని నిర్మాణం చెప్పారు. దాన్ని తయారుచేసే జిగురు గ్రంథులు ఆడ పూత మీద దట్టంగా ఉంటాయి, పెద్ద ఆకుల మీద చాలా తక్కువ. ఆకు మొక్కకి వంటిల్లు, మత్తుకి గోదాము కాదు.

మన పాత పంట పగటి కాలం తగ్గితే పూసే జాతి, అందుకే ముందే కొమ్మలు కోసి తేరుకోనిచ్చే వ్యవధి రైతుకి దొరికేది. 1924లో రష్యన్ వృక్షశాస్త్రజ్ఞుడు యానిషెవ్‌స్కీ రూడెరాలిస్ అని పేరుపెట్టిన రకం పగటి పొడవుతో పనిలేకుండా వయసు రాగానే పూస్తుంది. విదేశాల్లో ఇప్పుడు దాని సంకర రకాలకి పూత దశలో ఆకులు తుంచాలా వద్దా అని వాదించుకుంటున్నారు. దానికి తేరుకునే గడువే తక్కువ. నౌగావ్ రైతునడిగితే వంటిల్లు కూల్చి విందు పెట్టమంటారేమని నవ్వేవాడు.

మళ్లీ కమిషన్ దగ్గరికి వస్తాను, ఎందుకంటే నాకు అందులో అన్నిటికన్నా ఇష్టమైనది ఒక ఆడిట్. గంజాయి వల్ల పిచ్చెక్కుతుందని అప్పట్లో అందరి నమ్మకం. రుజువు? పిచ్చాసుపత్రుల రిజిస్టర్లు. కమిషన్ ఆ రిజిస్టర్లు తిరగేసింది. రోగిని తెచ్చిన పోలీసు ఫారంలో 'కారణం' అనే గడి నింపాలి. తెలియకపోతే గంజాయి అని రాసేవాడు, ఆసుపత్రి దాన్నే ఎత్తిరాసుకునేది. 1892లో చేరిన 1344 మందిలో గంజాయి ఖాతాలో వేసినవి 222 కేసులు. ఒక్కొక్కటీ మళ్లీ విచారిస్తే నిలిచినవి 98. అందులోనూ గంజాయి ఒక్కటే కారణమనదగ్గవి 61. మిగిలిన 37లో ఇంకో కారణం కూడా ఉంది. మితిమీరితే హాని ఉందని కమిషన్ ఒప్పుకుంది. పూర్తి నిషేధం మాత్రం అవసరం లేదంది. ఇద్దరు భారతీయ సభ్యులు విభేదించారు, అదీ రికార్డులో ఉంది. భంగు విషయంలో జనం మతాచారాన్ని కూడా కమిషన్ లెక్కలోకి తీసుకుంది కాబట్టి పెద్దాయన మాటలో పావలా వంతు నిజముంది. ముప్పావలా మాత్రం పోద్దారుది, సుంకం గుమాస్తాది.

ఇదంతా పాత కథ అనుకోకండి. 2021లో ఆంధ్రప్రదేశ్ పోలీసులు 'ఆపరేషన్ పరివర్తన' పేరుతో విశాఖ ఏజెన్సీలో తోటలు నరికారు. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర రెండు లక్షల కిలోలకు పైగా గంజాయి తగలబెట్టారు. మూటలు మోసి పట్టుబడే గిరిజన కుర్రాడికి ఆకు, పూత తేడా పురాణం కాదు. కిలో వరకు అయితే చిన్న పరిమాణం. 20 కిలోలు దాటితే వాణిజ్య పరిమాణం, కనీసం పదేళ్లు, బెయిలు దాదాపు అసాధ్యం. ఇప్పుడు 22 కిలోల మూట తూచారనుకోండి. అందులో కాడ ఎంత, ఆకు ఎంత, పూత ఎంత? నిర్వచనంలో కాడ మాటే లేదు. ఆకు తలలతో కలిసి ఉంటే లెక్కలోకి వస్తుందా, విడదీసి తూచాలా అని కోర్టుల్లో వాదన జరుగుతూనే ఉంది. విడదీస్తే 20 లోపుకి రావచ్చు. విడదీయమని అడిగే వకీలు కావాలి, ఆ కుర్రాడికి అదే ఉండదు.

పెద్దాయనకి ఇదంతా చెప్పాను. శ్రద్ధగా విని, "అయితే తూకం కాగితం మీద ఏం రాస్తారు?" అని అడిగారు. ఒక్క అంకె రాస్తారు, మొత్తం బరువు.