మచ్చ కనిపించకముందే కణంలో ఆచూకీ
సూక్ష్మదర్శినికి తోడైన కృత్రిమ మేధ

పెంటపాడు: వ్యాధి పైకి కనిపించడానికి ముందే కణంలో మార్పులు ఆరంభమవుతాయి. డెల్టా ప్రాంత రొయ్యల రైతులకు ఇది చేదు అనుభవమే. తెల్లమచ్చల వ్యాధి సోకిన చెరువులో మూడు నుంచి పది రోజుల్లో పంటంతా తుడిచిపెట్టుకుపోయే ప్రమాదముంది. దీనికి కారణమైన వైరస్ రొయ్య కణాల కేంద్రకంలోనే వృద్ధి చెందుతుంది. కేంద్రకంలోని తొలి మార్పులను పసిగట్టడం సాధ్యమేనా? మానవ కణాలపై జరిగిన పరిశోధన ఈ ప్రశ్నకు కొంత సమాధానమిచ్చింది.

కాంతికి హద్దు
సుమారు 200 నానోమీటర్ల కంటే దగ్గరగా ఉన్న రెండు బిందువులు సాధారణ సూక్ష్మదర్శినిలో ఒక్కటిగానే కనిపిస్తాయి. జర్మనీ శాస్త్రవేత్త ఎర్నెస్ట్ అబ్బే 1873లో ఈ హద్దును వివరించారు. దీనిని అధిగమించే మార్గాలు చూపినందుకు ఎరిక్ బెట్జిగ్, స్టెఫాన్ హెల్, విలియం మోర్నర్‌లకు 2014లో రసాయనశాస్త్ర నోబెల్ బహుమతి లభించింది.

మిణుగురుల వలె
ఇటువంటి విధానాల్లో ‘స్టార్మ్’ ఒకటి. కణంలోని అణువులకు మెరిసే రంగు పదార్థాన్ని జోడించి, మిణుగురుల వలె ఒకసారికి కొన్నింటినే వెలిగిస్తారు. ప్రతి మెరుపు స్థానాన్నీ లెక్కగట్టి, వేల చిత్రాలను ఒక్కటిగా కూర్చుతారు. దీంతో సుమారు 20 నానోమీటర్ల సూక్ష్మాంశాలు సైతం తెలుస్తాయి.

యంత్రం నేర్చిన పాఠం
ఈ చిత్రాల్లోని అతి స్వల్ప భేదాలను మనిషి కన్ను పోల్చుకోలేదు. స్పెయిన్‌లోని బార్సిలోనా జన్యు నియంత్రణ కేంద్రం పరిశోధకులు, ఇతర సంస్థల సహకారంతో ‘ఐను’ అనే కృత్రిమ మేధా విధానాన్ని రూపొందించి 2024 ఆగస్టులో వెల్లడించారు. ఆరోగ్యవంతమైన కణాలు, క్యాన్సర్ కణాలు, మూలకణాలు, వైరస్ సోకిన కణాల కేంద్రక చిత్రాలతో దానికి శిక్షణ ఇచ్చారు. హెర్పిస్ వైరస్ సోకిన గంటకే కేంద్రకంలో వచ్చే మార్పును అది గుర్తించగలిగింది.

పరిమితులు
ఈ విధానం ఇంకా ప్రయోగశాల దాటలేదు. ‘స్టార్మ్’ పరికరాలు ఖరీదైనవి. ఒకసారికి కొద్ది కణాలనే పరిశీలించగలవు. యంత్రం తనకు చూపిన రకాలనే గుర్తిస్తుంది గనుక, హెర్పిస్‌పై వచ్చిన ఫలితాన్ని రొయ్యల వైరస్‌కు అన్వయించరాదు. అందుకు వేరుగా పరిశోధన జరగాలి. అంతవరకు చెరువులో పిల్లను వదిలే ముందు పీసీఆర్ పరీక్ష చేయించడమే రైతుకు నమ్మదగిన మార్గం.